దొంగ పోలీసుకి లాయరెందుకు?

మొన్న లంచ్ టైములో మా టీమ్‌లో పెద్ద వాదన. "డిజిటల్ అరెస్టు" కేసులో ఎవడో కుర్రాడు దొరికాడట. దొంగ సీబీఐ వాళ్ళు కొట్టేసిన డబ్బు వాడి ఖాతాలోంచే వెళ్ళిందట. "ఇలాంటివాళ్ళ కేసు ఏ లాయరూ తీసుకోకూడదు" అన్నాడు మా లీడ్. అందరూ తలలూపారు, నేను తప్ప.

దొంగల మీద జాలితో కాదండీ బాబూ. మా పెదనాన్నగారు కూడా ఇలాగే మోసపోయారు.

ఆయన రిటైరైన సోషల్ మాస్టారు. 2024లో ఓ పొద్దున ఫోను... మీ పేరు మీదున్న పార్సిల్లో డ్రగ్స్ దొరికాయని. ఆ వెంటనే వీడియో కాల్లో ఖాకీ చొక్కా. రెండు రోజులు గదిలోంచి కదలనివ్వలేదు, పెద్దమ్మకి కూడా చెప్పొద్దన్నారు. ఒక్కసారి ధైర్యం చేసి "మా వియ్యంకుడు ప్లీడరు, ఆయనతో మాట్లాడతాను" అన్నారట. "తప్పు చెయ్యనివాడికి లాయరెందుకు?" అన్నాడు వాడు. అంతే, ఈయన నోరు మూతపడింది. పదకొండు లక్షలు పోయాయి.

ఇప్పుడు ఆ దొంగ మాటా, మా లీడ్ మాటా పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద తేడా ఏమైనా ఉందా?

ఈ మోసం నడిచేది టెక్నాలజీ మీద కాదు, మన నమ్మకం మీద. పోలీసు తలుచుకుంటే ఎవర్నైనా, ఎంతసేపైనా, లాయరు లేకుండా కూర్చోబెట్టొచ్చనే నమ్మకం. వర్ధమాన్ గ్రూపు అధిపతి ఓస్వాల్ అంతటివాడికే 2024లో ఉత్తుత్తి సుప్రీంకోర్టు విచారణ చూపించి 7 కోట్లు లాగేశారు. అసలు మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, కోరుకున్న లాయరుని కలవనివ్వాలి, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి అంటుంది రాజ్యాంగం 22వ అధికరణం. ఆ పాఠం పెదనాన్నగారే ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పారు. పాఠం అనుకున్నారు గానీ, తనకీ వర్తిస్తుందనుకోలేదు.

"అమాయకులకైతే సరే, దొంగకెందుకు?" అంటారా? దొంగో కాదో తేల్చేదెవరు, మా లంచ్ టేబులా? కమిషన్‌కి ఆశపడి ఖాతా అద్దెకిచ్చినవాడుంటాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగమని నమ్మి వివరాలిచ్చేసినవాడూ ఉంటాడు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్ళి, మన కుర్రాళ్ళ చేత బలవంతంగా సైబర్ మోసాలు చేయించారు. వాళ్ళు దొంగలా, బాధితులా? లాగ్స్ చూడకుండా బగ్ ఎవరిదో మనమైనా చెప్తామా?

ఫలానా నిందితుడి తరఫున వాదించం అని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే, మహమ్మద్ రఫీ కేసులో తేల్చేసింది. లాయరుంటే దొంగ తప్పించుకుంటాడని భయమా? 2025 జులైలో బెంగాల్‌లోని కల్యాణి కోర్టు డిజిటల్ అరెస్టు కేసులో తొమ్మిది మందికి యావజ్జీవం వేసింది. విచారణ జరిపే వేసింది.

పెదనాన్నగారి డబ్బు తిరిగి రాలేదు. ఆ ముఠా జైల్లో కుళ్ళాలనే నా కోరిక కూడా. కానీ పక్కన లాయరు నిలబడి ఉండగా తీర్పు విని మరీ వెళ్ళాలి. రేపు మీ నాన్నగారికి అలాంటి ఫోనొస్తే, "మా లాయరుతో మాట్లాడతాను" అని కట్ చేసి 1930కి ఫోన్ చెయ్యాలా, వద్దా? ఆ ధైర్యం రావాలంటే, ఆ హక్కు దొంగతో సహా అందరిదీ అని ముందు మనం నమ్మాలి.

కాదంటారా?