ఏట్రా... డబ్బాకి లక్షన్నరా?

పెళ్లయిపోయింది. పందిరి విప్పేశారు. వంటవాళ్ల లెక్క తేల్చేశారు. కొత్త దంపతులు అరసవల్లి, శ్రీకూర్మం వెళ్లొచ్చారు కూడా. ఇంకా రానిది ఒక్కటే... వీడియో! 'రేపిస్తాం, ఎల్లుండిస్తాం' అని తిప్పుతుంటే పెళ్లికూతురి తండ్రికి కోపం రాదూ మరి? కానీ ఆ వీడియో కుర్రాడి గదిలోకి తొంగిచూస్తే సంగతి వేరు. తెర మీద ఒక నీలిగీత చీమలా పాకుతుంటుంది. 40 శాతం దాటుతుంది, 41 అవుతుంది, అక్కడే బిగుసుకుపోతుంది. మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టాలి.

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం లాంటి ఊళ్లో ఇలాంటి కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. 'కొత్త మెషీన్ కావాలి నాన్నా, లక్షన్నరవుతుంది' అంటాడు. 'ఏట్రా, టీవీ కన్నా చిన్న డబ్బాకి లక్షన్నరా? ఉన్నదానికేటైంది?' అంటాడు తండ్రి. ఆయన ప్రశ్నలో న్యాయముంది. నాలుగేళ్ల కిందట కొన్న కంప్యూటర్ ఇప్పుడెందుకు పనికిరాదో కొడుకు సరిగ్గా చెప్పలేడు. షాపువాడు చెప్పడు. వాడికి కావాల్సింది అమ్మకం.

అసలు కిటుకు కెమెరాలో ఉంది. మినీ డీవీ టేపుల రోజుల్లో గంట వీడియో కంప్యూటర్లోకి ఎక్కిస్తే 13 జీబీ అయ్యేది. అందులో ప్రతి బొమ్మా దేనికది విడిగా ఉండేది. ఎక్కడ కత్తిరించాలన్నా కంప్యూటర్‌కి సులువు. ఇప్పటి కెమెరాలు, ఫోన్లు వాడే హెచ్.265 పద్ధతి అలా కాదు. ఒక బొమ్మ పూర్తిగా దాచి, తర్వాత వచ్చేవాటిలో మారినంత మేరకే రాసుకుంటుంది. అమ్మాయి తల వంచితే తల వరకే, వెనక పందిరి మళ్లీ రాయదు. అందుకే నాలుగు రెట్లు స్పష్టమైన 4కె వీడియో కూడా చిన్న ఫైల్లో ఇమిడిపోతుంది. కానీ మధ్యలో ఒక్క బొమ్మ చూడాలంటే దాని ముందువన్నీ లెక్కగట్టుకుంటూ రావాలి. ఫైలు చిన్నది, చాకిరీ పెద్దది. పాత మెషీన్ తాళి కట్టే సీను దగ్గర నత్తలా నడవడానికి కారణం ఇదే.

దీనికి మందు ఖరీదైన ప్రాసెసర్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆ లెక్కలు కట్టడానికే ప్రాసెసర్లో, గ్రాఫిక్స్ కార్డులో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. కాస్త మంచి కెమెరాలు '10 బిట్ 4:2:2' అనే రకంలో వీడియో తీస్తాయి. రంగులు దిద్దుకోవడానికి బాగుంటుంది, కానీ చాలా గ్రాఫిక్స్ కార్డులకు అది కొరుకుడుపడదు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌తో కలిసి వచ్చే గ్రాఫిక్స్, హెచ్.265లో ఈ రకాన్ని తేలిగ్గా విప్పగలవు. ఎన్విడియాలో 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 50 వరస నుంచే ఆ వీలు వచ్చింది. ఇక్కడే ఒక చిన్న మెలిక. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అనే అక్షరం ఉంటే అందులో ఆ గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. కొద్ది వందలో, వెయ్యో రెండు వేలో తగ్గుతుంది కదా అని అదే అంటగడతారు. ఆటలాడుకునే పిల్లాడికైతే నష్టం లేదు. పెళ్లి వీడియో కుర్రాడికి మాత్రం ఒక్క అక్షరం కొంప ముంచుతుంది. బిల్లు మీద ఆ అక్షరం ఉందో లేదో తండ్రి కూడా చూడొచ్చు, దానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

ఇక మోషన్ గ్రాఫిక్స్ సంగతి. వధూవరుల పేర్లు బంగారు రంగులో తిరుగుతూ రావడం, కళింగపట్నం లైట్‌హౌస్ వెనక నుంచి అక్షరాలు పైకి లేవడం, లోకల్ కేబుల్ చానల్‌కి నగల దుకాణం ప్రకటన... ఇదంతా ఆ బాపతే. దీనికి ఎక్కువమంది వాడేది ఆఫ్టర్ ఎఫెక్ట్స్. దాని ఆకలంతా ర్యామ్ మీదే. ఎందుకో కాస్త లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 20 లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకి నాలుగు బైట్లు. అంటే ఒక బొమ్మ 8 ఎంబీ. సెకనుకి 25 బొమ్మలంటే 200 ఎంబీ దాటుతుంది. అదే 4కె అయితే నాలుగింతలు. రంగులు మెత్తగా కలవాలని 16 బిట్ పెట్టుకుంటే మళ్లీ రెట్టింపు. అంటే సెకనుకి 1.6 జీబీకి పైనే! పది సెకన్ల టైటిల్ ఒక్కసారి ఆగకుండా ఆడించి చూసుకోవాలంటే 16 జీబీ అక్కడికక్కడే హాంఫట్. విండోస్‌కి, మిగతా ప్రోగ్రాములకి కావాల్సింది దీనికి అదనం. అడోబీ కంపెనీ కనీసం 16 అంటుంది, 32 ఉంటే మంచిదంటుంది. ఫుల్ హెచ్‌డీ టైటిల్స్ వరకే అయితే 32 చాలు. 4కె గ్రాఫిక్సే జీవనాధారమైతే 64 లేకుండా మొదలెట్టడం దండగ. 2025 చివర్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. అందుకని ఒక్కసారే అంతా కొనలేకపోతే 32 ఒకటి వేయించి, మదర్‌బోర్డులో రెండు స్లాట్లు ఖాళీగా ఉంచుకోవడం తెలివైన పని. షాపువాడు నాలుగు స్లాట్లూ చిన్న ముక్కలతో నింపేస్తే రేపు పెంచుకోవాలంటే ఉన్నవి పీకి పారేయాల్సిందే.

ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నాయని అందరూ అడుగుతారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ చాలాకాలం ఒక్కో బొమ్మనే వరసగా చేసుకుంటూ పోయేది. 2021లో వచ్చిన మార్పుతో ఒకేసారి పలు బొమ్మలు చేయడం నేర్చుకుంది. అయినా ఒక్కో కోరు వేగమే అక్కడ ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి యాభై, అరవై కోర్ల యంత్రాల జోలికి పోనక్కర్లేదు. అవి సినిమా స్టూడియోలకి. 'ఈగ'కి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు తెచ్చిన మకుట లాంటి చోట్ల పని వందల కంప్యూటర్ల బలం మీద నడిచే వ్యవహారం. 'బాహుబలి' గ్రాఫిక్స్ అయితే ఎన్నో స్టూడియోలు పంచుకున్నాయి. ఒక గదిలో ఒక కుర్రాడు, ఒక మెషీన్... ఆ లెక్కే వేరు.

గ్రాఫిక్స్ కార్డు మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది వాడే సాఫ్ట్‌వేర్‌ని బట్టి తేల్చుకోవాలి. రంగులు దిద్దే డావిన్సీ రిజాల్వ్, త్రీడీ చేసే బ్లెండర్ అయితే కార్డు మీదే ఆధారపడతాయి. కార్డులో మెమరీ చాలకపోతే పని నత్తనడకన సాగుతుంది, ఒక్కోసారి అసలు సాగదు. వీళ్లకి 12 జీబీకి తగ్గకపోతే మేలు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ప్రీమియర్‌తో సరిపెట్టుకునేవాళ్లు మధ్యరకం కార్డు తీసుకుని ఆ మిగులు ర్యామ్‌లో పెట్టొచ్చు. అన్నట్టు, బ్లెండర్ ఉచితం. రిజాల్వ్‌కీ ఉచిత రకం ఉంది. దొంగ సాఫ్ట్‌వేర్ వేసి, దాంతో వైరస్ తెచ్చుకుని, పెళ్లివారి ఫైళ్లు పోగొట్టుకునే కన్నా వీటిలో ఒకటి నేర్చుకోవడం నయం కదూ!

మ్యాక్ మినీ మాటేమిటంటారా? చిన్నదే కానీ వీడియో బాగానే లాగుతుంది, కరెంటు తక్కువ తాగుతుంది. అయితే కొన్న రోజున ఎంత ర్యామ్ ఉందో అంతే. తర్వాత పెంచుకునే దారి లేదు. రిపేరుకి శ్రీకాకుళంలో అసెంబుల్డ్ మెషీన్ విప్పేవాళ్లు దొరికినంత తేలిగ్గా దీనికి దొరకరు. మాఘమాసం ముహూర్తాల మధ్యలో మెషీన్ మొరాయిస్తే అప్పుడు తెలుస్తుంది ఈ మాట విలువ. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకి ఇంకో మాట: ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్ని వోల్టేజి తేడాతో దెబ్బతింటున్నాయని ఆ కంపెనీయే 2024లో ఒప్పుకుని సరిదిద్దే అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఆ అప్‌డేట్ చేయకుండా వాడిన మెషీన్ అయితే చవగ్గా వచ్చినా ఆలోచించాలి.

ఇంత చేసి ఉప్పుగాలి సంగతి మర్చిపోతే ఎలా? సముద్రం ఒడ్డు ఊళ్లో ఇనుప కిటికీ ఊచలు ఏమవుతాయో తెలిసిందే. కంప్యూటర్ ఫ్యాను ఆ గాలినే రోజంతా లోపలికి పీలుస్తుంది. సముద్రం వైపు కిటికీ పక్కన మెషీన్ పెట్టకూడదు. జాలీ ఫిల్టర్లున్న క్యాబినెట్ తీసుకుని నెలకోసారి దులపాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకంటారు పెద్దలు. మామూలు ఇన్వర్టర్ కరెంటు పోయాక అందుకునే ఆ క్షణంలోనే మెషీన్ ఆగిపోవచ్చు. 'యూపీఎస్' మోడ్ మీట ఉన్న ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరైతే పర్వాలేదు. లేకపోతే విడిగా యూపీఎస్ కొనాల్సిందే. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోవాలి.

డబ్బు సర్దుబాటు కోసం వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కే ముందు బ్యాంకులో ముద్ర రుణం అడగొచ్చు. 2015లో మొదలైన ఈ పథకంలో 50 వేల వరకు 'శిశు', ఆపైన 5 లక్షల వరకు 'కిశోర్' కింద తాకట్టు లేకుండా ఇస్తారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే మెషీన్ మీద కట్టిన 18 శాతం పన్నుని తను కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. కొనడానికి మంచి సమయం? ఆషాఢం! పెళ్లిళ్లుండవు. కొత్త మెషీన్ మీద చెయ్యి తిరగడానికి నెల రోజులు చేతిలో ఉంటాయి.

అయితే లక్షన్నరా డబ్బాకే పోసేయకూడదు. సెకనుకి 100 మెగాబిట్ల వేగంతో తీసే కెమెరా గంటకి 45 జీబీ నింపుతుంది. రెండు కెమెరాలు ఎనిమిదేసి గంటలు తిరిగితే ఒక్క పెళ్లికి 720 జీబీ. పని జరుగుతున్నంతసేపూ అది వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కులో ఉండాలి. దాంతోపాటు మామూలు హార్డ్‌డిస్కులు రెండు కావాలి, ఒక్కోదానిలో ఒక్కో కాపీకి. ఎందుకంటే మెషీన్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, తలంబ్రాలు మళ్లీ పోయించలేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి దగ్గర్లోనే దాటింది. అందుకని రెండో కాపీ అదే ఇంట్లో, అదే బీరువాలో పెడితే లాభం లేదు. అది శ్రీకాకుళంలోనో విశాఖలోనో చుట్టాలింట్లో ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మెషీన్ ప్లగ్గు పీకి, పాలిథిన్ కవరు చుట్టి ఎత్తులో పెట్టడం రెండో పని. ఆ డిస్కుని బస్సెక్కించడం మొదటిది.