ఆమెకి ఇంకో శనివారం ఉందా?

ఈసారి సంపాదకీయం కార్ల రేసుల గురించి అంటే మీలో చాలామంది నవ్వుతారని తెలుసు. మా ఆఫీసులోనూ నవ్వారు. "ఇన్ని కేసులు చేతిలో పెట్టుకుని కార్ల పందేలేమిటండీ" అని ఒకావిడ మొహానే అడిగేసింది. పెట్రోలు తగలేసుకుంటూ గుండ్రంగా తిరగడం డబ్బున్న దేశాల మగపిల్లల సరదా అన్న నా అభిప్రాయం ఇప్పటికీ పెద్దగా మారలేదు. అయినా ఎందుకు రాస్తున్నానో మొత్తం చదివాక తిట్టండి.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో మా చెల్లెలి కూతురు ఉంటుంది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఒక శనివారం సాయంత్రం "పెద్దమ్మా, ఇక్కడి తిరనాళ్ళు చూద్దువుగాని రా" అని తీసికెళ్ళింది. ఊరి బయట చిన్న ట్రాకు. ఒక చుట్టు మైలులో సగం కూడా ఉండదు. మైలు లోపు ట్రాకుల్ని అక్కడ షార్ట్ ట్రాకులంటారు. వాటి మీద తిరిగేవి స్టాక్ కార్లు. అంటే పైకి రోడ్డు మీద తిరిగే కార్లలాగే ఉండి, లోపలంతా పందెం కోసం మార్చేసినవి. టీవీలో కనిపించే కోటీశ్వరులు ఇక్కడ ఉండరు. వారమంతా మెకానిక్ షెడ్డులోనో, కొట్లోనో పనిచేసి, రాత్రుళ్ళు కారు బాగుచేసుకుని, శనివారం దాన్ని ట్రెయిలర్ మీద ఎక్కించుకొచ్చే మామూలు మనుషులు. అన్నదమ్ములు, బావమరుదులు, భార్యలు, పిల్లలు అందరూ చాకిరీకి ఉంటారు. నిజంగానే తిరనాళ్ళ వాతావరణం, వేపుళ్ళ వాసనతో సహా.

ఆ రోజు ఇరవైకి పైగా కార్లలో ఒక్కదాన్ని ఒక అమ్మాయి నడుపుతోంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. మధ్యాహ్నం ప్రాక్టీసులో ఆమె కారు మలుపు దగ్గర వెనక చక్రాల మీద జారిపోతోంది. ఈ ట్రాకుల మీద ఎప్పుడూ ఎడమకే తిరగాలి కాబట్టి కుడివైపు టైర్లు ఎడమవాటి కంటే కాస్త పెద్దవి వేస్తారట. టైర్లలో గాలి కొంచెం ఎక్కువైనా తక్కువైనా కారు నడక మారిపోతుందట. ఆమె, వాళ్ళ నాన్న గాలి తీసి, పెట్టి, మళ్ళీ తీసి ఒక గంటసేపు అదే పని. తర్వాత ఎవరు ముందు వరసలో నిలబడాలో తేల్చే ఒంటరి చుట్లలో ఆమెకి నాలుగో స్థానం వచ్చింది. జనం ఈలలు వేశారు. మా అమ్మాయి కూడా వేసింది. తనకి ఈల వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

అసలు పందెంలో సగం చుట్లు అయ్యేసరికి వెనకనుంచి ఒకతను మలుపులో తగిలించాడు. ఆమె కారు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి "ఆడపిల్లకి ఇవన్నీ దేనికి" అన్నాడు, కోపంగా కూడా కాదు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. అంతకుముందు అదే సాయంత్రం ముగ్గురు మగవాళ్ళు గోడని గుద్దారు. మొదటివాడికి టైరు పోయిందన్నాడు. రెండోవాడిది దురదృష్టమన్నాడు. మూడోవాడికి ఇవాళ రోజు బాగాలేదన్నాడు. నలుగురు పడ్డారు. ముగ్గురికి కారణాలు దొరికాయి. నాలుగో మనిషి విషయంలో ఆమె పుట్టుకే కారణమైపోయింది.

పందెం అయ్యాక కార్లు పెట్టుకునే చోటికి వెళ్ళాం. తండ్రీ కూతురూ సుత్తితో ముందు రేకు వెనక్కి లాగుతున్నారు. ఆమె ఏడవడం లేదు. లెక్క వేసుకుంటోంది. రేడియేటరు, ముందు చక్రం దగ్గరి కడ్డీలు, రెండు టైర్లు. "వచ్చే శనివారం వస్తావా?" అని అడిగాను. నలిగిపోయిన రేడియేటరు చూపించి, "ఇది ఎంతవుతుందో దాన్నిబట్టి" అంది.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఈ ఆటలో ఆడవాళ్ళ చరిత్ర దొరికినంత చదివాను. ఆడవాళ్ళు ఈ మధ్యే వచ్చారనుకున్నాను. కాదు. అక్కడి స్టాక్ కార్ల సంస్థ నాస్కార్ మొదటి అగ్రశ్రేణి పందెం 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగితే, ఆ మొదటి పందెంలోనే సారా క్రిస్టియన్ అనే స్త్రీ ఉంది. 14వ స్థానం. ఆ అక్టోబరులో పిట్స్‌బర్గ్ దగ్గర హైడెల్‌బర్గ్‌లో, అరమైలు మట్టి ట్రాకు మీద ఐదో స్థానంలో వచ్చింది. అగ్రశ్రేణిలో ఆ ఐదో స్థానాన్ని దాటిన స్త్రీ ఇప్పటిదాకా లేదు. అదే ఏడాది జూలైలో డేటోనా బీచ్ పందెంలో ముగ్గురు ఆడవాళ్ళు దిగారు. వాళ్ళలో ఎథెల్ మోబ్లీ 11వ స్థానంలో వచ్చి, పోటీలో ఉన్న తన ముగ్గురు అన్నదమ్ముల్లో ఇద్దర్ని వెనక్కి నెట్టింది.

సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌కి చెందిన లూయిస్ స్మిత్ కథ ఇంకా బావుంటుంది. 1946లో మొదటిసారి పందెంలో దిగినప్పుడు ఎర్రజెండా చూపిస్తే ఆగమన్నారట. గళ్ళ జెండా సంగతి ఎవరూ చెప్పలేదు. పందెం అయిపోయి అందరూ ఆగిపోయినా ఆవిడ మాత్రం తిరుగుతూనే ఉందట. తర్వాత ఒకసారి పందెం చూసొస్తానని భర్త కొత్త కారు వేసుకుని డేటోనా వెళ్ళి, చూడలేక తనే దిగి, దాన్ని బోల్తా కొట్టించింది. కారు దారిలో చెడిపోయిందని ఇంట్లో చెప్తే, భర్త ఆ రోజు పేపర్లో పడిన ఫోటో తీసి చూపించాడని చెప్పుకుంటారు. నవ్వొచ్చే కథే. కానీ నిర్వాహకులు ఆవిడని పిలిచింది జనాన్ని రప్పించడానికి. ఆడమనిషి కారు తిప్పుతుందంటే టిక్కెట్లు అమ్ముడుపోతాయి. ఆవిడ కారు పల్టీలు కొడితే ఇంకా అమ్ముడుపోతాయి.

ఆ ఆటలో స్త్రీకి శాశ్వతంగా కేటాయించిన చోటు వేరే ఉంది. గెలిచినవాడి పక్కన నిలబడి కప్పు అందించి ముద్దుపెట్టే అందగత్తె చోటు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అరమైలు ట్రాకు మీద వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవర్ గెలిచాడు. కానీ గెలుపు జెండా ఇంకొకరికి ఊపారు. తర్వాత లెక్కలు సరిచూసి గెలిచింది స్కాటే అని ఒప్పుకున్నారు. అప్పటికి జనం ఇళ్ళకి వెళ్ళిపోయారు. తెల్ల అందగత్తె పక్కన నల్ల విజేత నిలబడతాడేమోనన్న భయమే కారణమని చాలామంది అన్నారు. స్కాట్ 1990లో పోయాడు. ఆ కప్పు ఆయన కుటుంబానికి చేరింది 2021లో. కులాన్నీ స్త్రీనీ విడివిడిగా చూడలేమని మనం మీటింగుల్లో గంటలకొద్దీ చెప్పే విషయం అక్కడ ఒక కప్పు చుట్టూ కనిపించింది నాకు.

ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం జానెట్ గుత్రీ దగ్గర. 1938లో పుట్టింది. ఫిజిక్సు చదివి విమానాల కంపెనీలో ఇంజనీరుగా చేసింది. కారు ఇంజను తనే విప్పి తనే బిగించుకునేది. 1976 మేలో షార్లెట్‌లో 600 మైళ్ళ పందెంలో దిగినప్పుడు, అంత బరువైన కారుని అంతసేపు తిప్పే బలం ఆడదానికి ఎక్కడిదన్నారు. 15వ స్థానంలో పూర్తిచేసింది. ఆ కారు యజమాని లిండా ఫెరేరి కూడా స్త్రీయే, బ్యాంకు ఉద్యోగిని. ఈ సంగతి చాలామంది రాయరు.

1977 ఫిబ్రవరిలో డేటోనా 500. గుత్రీ ఎనిమిదో స్థానంలో ఉండగా, ఇంకో పది చుట్లుందనగా ఇంజనులో రెండు సిలిండర్లు పోయాయి. 12వ స్థానం. కొత్తవాళ్ళలో ఆమే మొదటిది. ఆ మేలో ఇండియానాపొలిస్‌లో ఇంకో రకం పందెం. అక్కడ అప్పట్లో ఆనవాయితీగా "పెద్దమనుషులారా, ఇంజన్లు స్టార్ట్ చేయండి" అని పిలిచేవారు. స్త్రీ ఉంది కదా, ఏమని పిలుస్తారని అడిగితే, స్టార్ట్ చేసేది మెకానిక్కులు, వాళ్ళంతా మగవాళ్ళే కాబట్టి మార్చక్కర్లేదన్నారట. అయితే సరేనని గుత్రీ జట్టు ఆ పనికి కే బిగ్నాటీ అనే స్త్రీని నిలబెట్టింది. వ్యాకరణం దానంతటదే దారికొచ్చింది. పిలుపులో ఆమె ప్రస్తావన చేర్చక తప్పలేదు. ఆ పందెంలో ఇంజను ఇబ్బందులతో 29వ స్థానం. మళ్ళీ ఆగస్టులో బ్రిస్టల్. చుట్టు సుమారు 860 మీటర్లు, రెండు వైపులా గోడల్లా లేచిన మలుపులు, ఊపిరి తీసుకునే తిన్నని దారి లేని షార్ట్ ట్రాకు. 400 చుట్ల ఆ పందెంలో ఆరో స్థానం. అగ్రశ్రేణిలో ఆ ఆరో స్థానాన్ని ఇంకో స్త్రీ, డానికా పాట్రిక్, అందుకోవడానికి 2014 దాకా పట్టింది.

పన్నెండు, ఇరవై తొమ్మిది, ఆరు. ఒక్క ఏడాదిలో ఒక మనిషి పడిలేచిన అంకెలు ఇవి. ఏ మగ డ్రైవర్ జాబితా చూసినా ఇలాగే ఉంటుంది. అతనికి పాతిక ఆదివారాలు పాడైనా ఇరవై ఆరోది ఉంటుంది. గుత్రీకి 1976 నుంచి 1980 దాకా మొత్తం 33 పందేలే దొరికాయి. ఓడిపోయి మానెయ్యలేదు, డబ్బు పెట్టే కంపెనీ దొరక్క ఆగిపోయింది. చేతకాదన్నవాళ్ళు చేతనవుననిపించాక పొగిడారు గానీ, కారుకి డబ్బు పెట్టలేదు. డేటోనా 500లో 1980లో ఆమె తర్వాత ఇంకో స్త్రీ దిగింది 2002లో, షానా రాబిన్సన్. ఈ షానా 1988లో యాషెవిల్‌లో మైలులో మూడోవంతు ట్రాకు మీద నాస్కార్ చిన్నశ్రేణి పందెం గెలిచిన మొదటి స్త్రీ. 1994లో అట్లాంటాలో రెండో శ్రేణి పందెంలో అందరికంటే వేగంగా తిరిగి మొదటి వరస సంపాదించింది. తీరా పందెం మొదలైన కాసేపటికే ప్రమాదంలో చిక్కుకుంది. ఒకే వారాంతంలో ఆకాశమూ పాతాళమూ.

ఇదంతా పాతకథ అనుకుంటే 2025 సంగతి వినండి. బ్రిటన్‌కి చెందిన కేథరీన్ లెగ్ మార్చిలో ఫీనిక్స్‌లో అగ్రశ్రేణి పందెంలో దిగింది. 2018 తర్వాత అక్కడ కనిపించిన మొదటి స్త్రీ. ఏప్రిల్‌లో రాకింగ్‌హామ్‌లో, మైలుకి కాస్త తక్కువ ట్రాకు మీద, వెనకనుంచి వచ్చిన కారు తగిలి ఆమె కారు తిరిగిపోయింది. ఇంకో డ్రైవర్ కూడా దెబ్బతిన్నాడు. తర్వాత తనకి ద్వేషంతో రాసిన ఉత్తరాలు, అసభ్యమైన వ్యాఖ్యలు, చంపుతామన్న బెదిరింపులు వచ్చాయని ఆమే బహిరంగంగా చెప్పింది. ఆమె నెమ్మదిగా నడిపిందన్న విమర్శ సబబే కావచ్చు, దాని గురించి వాదించేంత జ్ఞానం నాకు లేదు. కానీ నెమ్మదిగా నడిపిన మగవాడిని చంపుతామని ఎందరు రాసి ఉంటారు? ఆ జూలైలో ఆమె ఇండియానాపొలిస్‌లో 17వ స్థానంలో పూర్తిచేసింది. దాని గురించి ఉత్తరాలు రాసినవాళ్ళు తక్కువే అయివుంటారు.

ఇప్పుడు మన విషయానికి వస్తాను. మా సంస్థ కొన్నేళ్ళ క్రితం ఆడవాళ్ళకి ఆటో నడపడం నేర్పించింది. పన్నెండు మంది నేర్చుకున్నారు. తాళాలు ఇచ్చిన రోజు పేపర్లో ఫోటో వచ్చింది, ఈ పత్రిక అట్ట మీద కూడా వేశాం. రెండో నెలలో ఒకామె ఒక స్కూటరుకి తగిలించింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ స్టాండులో మగవాళ్ళు "అందుకే చెప్పాం" అన్నారు. ఇంట్లో భర్త తాళాలు లాక్కున్నాడు. ముందు చక్రం, అద్దం బాగుచేయించడానికి డబ్బు లేదు, వాయిదా ఆగింది, బండి ఫైనాన్స్ వాళ్ళు పట్టుకుపోయారు. మేమేం చేశామంటారా? మా ప్రాజెక్టు లెక్కల్లో శిక్షణకి డబ్బుంది, ప్రారంభోత్సవానికి డబ్బుంది. రిపేరుకి లేదు. ఏడాది నివేదికలో "మధ్యలో మానేసినవారు: ఒకరు" అని రాశాం. రాసింది నేనే.

ఆమె మానలేదు. మానిపించిన నలుగురిలో మేమూ ఉన్నాం. అంతకుముందు నెలలో అదే స్టాండులో ఇద్దరు మగవాళ్ళు బళ్ళు గుద్దుకున్నారని, వారం తిరక్కుండా మళ్ళీ నడిపారని మాకు తెలిసే, నివేదికలో ఎందుకు రాయాలనిపించలేదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తోంది.

అందుకే ఒక పని అడుగుతున్నాను. మీ సంస్థల పాత నివేదికలు తీసి, "మానేసినవారు" అన్న గడిలో ఉన్న ఒక్క పేరైనా వెతకండి. ఆమె ఇంటికి వెళ్ళండి. ఏ రోజున ఆగిపోయిందో, ఎంత డబ్బుకి ఆగిపోయిందో, ఆ రోజు మనవాళ్ళు ఎక్కడున్నారో అడిగి రాసి పంపండి. కుట్టుమిషను కావచ్చు, సర్పంచి పదవి కావచ్చు, కోర్టు కేసు కావచ్చు. వచ్చే సంచికలో సగం పేజీలు వాటికే ఉంచుతున్నాం. ఈ ఏడాది నుంచి మా శిక్షణ బడ్జెట్‌లో రిపేర్ల పద్దు ఒకటి పెట్టాం. నిధులిచ్చేవాళ్ళు అదేమిటని అడిగారు. ఈ సంపాదకీయం వాళ్ళకీ పంపిస్తున్నాను.

పోయిన నెల ఆమె ఇంటికి మేం వెళ్ళాం. మమ్మల్ని చూసి ముందు ఏమీ మాట్లాడలేదు. టీ పెట్టింది. తర్వాత బీరువాలో చీరల కింద నుంచి లైసెన్సు తీసి చూపించింది, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది. గడువు దాటిపోయింది. మర్నాడు రెన్యువల్‌కి దరఖాస్తు పెట్టించాం.