స్త్రీల మూత్రపిండ వ్యాధి – మన అశ్రద్ధ

మా అక్కగారు ఈ బరంపురములోనే, మా యింటికి రెండు వీధుల కావల కాపురమున్నారు. ఆమెకు 50 ఏండ్లు, నాకు 45. గత సంవత్సరము మేమిరువురమును ఒకే వారములో రక్తపరీక్ష చేయించుకొంటిమి. నేను రక్తపుపోటు నిమిత్తము, ఆమె కాళ్ళ వాపు నిమిత్తము. ఇద్దఱి కాగితములందును క్రియాటినిన్ అనుదాని కెదురుగా 1.2 అనియే యుండెను. ప్రక్కన అచ్చువేసిన హద్దు 1.3. భయము లేదని పరీక్షశాలలో చెప్పిరి. నేను కొట్టునకును, ఆమె వంటయింటికిని మరలిపోతిమి.

ఆఱు మాసములైనను వాపు తగ్గకపోగా వేఱొక వైద్యునికి చూపితిమి. ఆయన మరల పరీక్ష చేయించెను. అంకె మారలేదు. అయితే ఆయన ఆమె వయస్సును, స్త్రీ యనుటను కలిపి, 2021లో సవరింపబడిన సూత్రము ననుసరించి లెక్కించి, మూత్రపిండముల వడపోత 55 మాత్రమే యనెను. నా కాగితము చూపగా, అదే 1.2కు నాది 76 అని తేల్చెను. వడపోత 60కి దిగువగా మూడు మాసములకు మించి నిలిచినచో దానిని దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి యందురు. అంకె ఇద్దఱిదియు నొకటే; వ్యాధి ఆమెకే. అర్ధ సంవత్సరము వృథాగా పోయినది.

నేను మెట్రిక్యులేషను వఱకు చదివి వ్యాపారమున దిగినవాడను, వైద్యుడను గాను. అయినను ఈ సంగతి నన్ను విడువలేదు. అడిగి తెలిసికొన్నంత మన పత్రిక చదువరులకు చెప్పుట యవసరమని తోచినది.

క్రియాటినిన్ కండరములనుండి పుట్టు మలినము. సామాన్యముగా పురుషునకు కండ యెక్కువ, కావున మలినమును ఎక్కువ. తక్కువ కండగల స్త్రీ రక్తమునందును అంతే మలినము నిలిచినదనగా వడపోత మందగించినదని యర్థము. గోనెసంచి బరువు తీయక సరకు తూచిన వర్తకుని మన బజారులో ఎవరును మెచ్చరు. మా కాగితముల విషయమున జరిగినదియు అట్టిదే.

ఇది కొలతలోని భేదము. అంతకంటె లోతైన భేదము మూత్రపిండము నందే కలదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. జన్యువులు స్త్రీపురుషులకు దాదాపు ఒకటే. ఏ జన్యువు ఎంత పనిచేయు ననునది మాత్రము వేఱు. ఒకే సరకుల పట్టీ గల రెండు దుకాణములలో ఒకచోట బెల్లము, మఱియొకచోట చింతపండు ఎక్కువగా అమ్ముడుపోవుట లేదా? 2020లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన, 44 రకముల మానవ కణజాలములను పరిశీలించి, మన జన్యువులలో నూటికి 37 ఏదో యొక కణజాలము నందైనను స్త్రీపురుషులలో హెచ్చుతగ్గులుగా పనిచేయుచున్నవని తేల్చినది. పెక్కింటిలో ఆ భేదము స్వల్పమే.

మూత్రపిండములు దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. మనము విసర్జించునది ఒకటి రెండు లీటర్లు. తక్కిన నీటిని, లవణములను తిరిగి గ్రహించు పనిలో అధికభాగము వడపోతకు వెంటనే తరువాత నున్న చుట్టల నాళముది. స్త్రీపురుష భేదము ముఖ్యముగా కనబడుచున్నది ఆ నాళపు కణముల యందే. 2023లో ప్రకటింపబడిన ప్రయోగమున, ఎలుకల మూత్రపిండ నాళములలో పురుష హార్మోనును అందుకొను గ్రాహకమును తొలగింపగా, అచటి జన్యువుల మగపోకడ చాలవఱకు చెరిగిపోయెను. అనగా హార్మోను నేరుగా మూత్రపిండముపైననే పనిచేయుచున్నదన్న మాట. మనుష్యుల మూత్రపిండములందును ఇట్టి భేదములు కొన్ని కనుగొనబడినవి.

ఒక వ్యాధిని గూర్చి మాత్రము కొంచెము విస్తరించి చెప్పవలెను. 1927లో ఆల్పోర్టు అను వైద్యుడు ఒకే కుటుంబమున తరతరములుగా వచ్చుచున్న మూత్రపిండ వ్యాధిని, చెవిటితనమును వర్ణించుచు, మగవారికి ఇది తీవ్రముగా నుండుననియు, ఆడవారికి తేలికగా నుండుననియు గమనించెను. ఆయన పేరిటనే వ్యవహరింపబడు ఆ వ్యాధికి అధికముగా కారణమగు జన్యువు ఎక్స్ క్రోమోసోముపై నున్నదని 1990లో తెలిసినది. పురుషునకు ఎక్స్ ఒక్కటే. అది చెడినచో ప్రత్యామ్నాయము లేదు. స్త్రీకి రెండు, అయితే ప్రతి కణములోను ఒకటి నిద్రాణమై యుండునని 1961లో మేరీ లయన్ అను శాస్త్రజ్ఞురాలు ప్రతిపాదించెను. ఏ కణములో ఏది నిద్రించునో నియమము లేదు. కావున ఆ స్త్రీ మూత్రపిండమున మంచి కణములును, చెడు కణములును కలగలసి యుండును. ఈ ఎక్స్ రకపు వ్యాధి గల పురుషులలో నూటికి 90 మందికి 40 ఏండ్లలోపుననే మూత్రపిండములు చెడును. స్త్రీలలో ఆ వయస్సునకు నూటికి 12 మందికి మాత్రమే. వయస్సు పెరిగినకొలది స్త్రీలలోను ఆ సంఖ్య పెరుగుచునే యుండును.

చిరకాలము ఇట్టి స్త్రీలను ‘వ్యాధిని మోయువారు’ అని మాత్రమే పిలిచిరి, వారు రోగులు కానట్లు. ఇప్పుడు వైద్యులు ఆ మాటను విడిచి, వారిని రోగులుగానే చూడవలెననుచున్నారు. కొడుకు మూత్రపిండములు చెడినప్పుడు మొదట ముందుకు వచ్చునది తల్లియే గదా! ఆ తల్లి మూత్రమున కంటికి కనబడని రక్తము ఏండ్ల తరబడి పోవుచుండవచ్చును. ఆమె ఒక దానిని ఇచ్చివేసినచో మిగిలినది రోగపీడితమైన ఒక్కటే. అందుచేతనే వేఱు దారి లేనప్పుడు తప్ప అట్టి తల్లిని దాతగా స్వీకరింపరాదని వైద్యుల నియమము.

మొత్తము మీద చూచిన, దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ప్రపంచమున స్త్రీలలో నూటికి 14 మందికిని, పురుషులలో 12 మందికిని కలదని 2018లో ప్రపంచ మూత్రపిండ దినము సందర్భమున ప్రకటించిరి. ఆ యేట ఆ దినమును, మహిళా దినమును మార్చి 8నే కలసి వచ్చినవి. అయితే డయాలిసిస్ వఱకు వచ్చువారిలో పురుషులే అధికులు. పురుషులలో వ్యాధి వడిగా ముదురుట యొక కారణము. స్త్రీ హార్మోను కొంత కాపాడుననియు తలచుచున్నారు. స్త్రీలను చికిత్సకు తీసికొని పోకుండుట రెండవ కారణము.

ఈ రెండవ కారణమును మొదటి దాని చాటున దాచరాదని నా యభిప్రాయము. మా యింటికి వచ్చిన ఒక పెద్దమనిషి ‘ఆడవారికి దేవుడే రక్ష నిచ్చెను గదా’ యనెను. నెమ్మదిగా వచ్చుట వేఱు, రాకపోవుట వేఱు. లూపస్ అను వ్యాధి సోకువారిలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే. అది మూత్రపిండములను తినివేయగలదు. గర్భిణిగా నున్నప్పుడు రక్తపుపోటు, మూత్రమున మాంసకృత్తు కనబడిన స్త్రీకి తరువాతి కాలమున మూత్రపిండ వ్యాధి వచ్చు భయము హెచ్చు. కాన్పు సుఖముగా జరిగినదని పురిటి కాగితములు పారవేయు కుటుంబములు మనలో ఎన్ని లేవు!

జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్క ప్రకారము 1995 మొదలు 2021 వఱకు దేశమున జరిగిన 36,640 మార్పిడులలో స్త్రీలకు జరిగినవి 6,945, తక్కినవన్నియు పురుషులకే. సజీవ దాతలలో మాత్రము స్త్రీలే అధికులు. పురుషుల వ్యాధి వడిగా ముదురుననుటచే కొంత మొగ్గును ఒప్పుకొందును. నాలుగింటి కొకటిగా మొగ్గుటకు ఏ జన్యువును బాధ్యత వహింపదు. అందుచేతనే 2025 ఆగష్టులో ఆ సంస్థ, నిరీక్షించు జాబితాలోని స్త్రీలకు ప్రాధాన్యము నీయవలెనని రాష్ట్రములకు సూచించినది.

మనకు ఈ వ్యాధి క్రొత్తది కాదు. ఇచ్ఛాపురము దాటిన ఉద్దానము. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతములతో మన కుటుంబములకు వియ్యములు కలవు. కారణము నేటికిని తేలని ఆ వ్యాధికై 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకముగా ఆసుపత్రి తెఱవబడినది. ఇంత దగ్గఱగా చూచియు మన యింటి యాడవారికి పరీక్ష చేయింపము. వారును అడుగరు. కాగితము ఇంగ్లీషు, వైద్యుని మాట ఒడియా, ఆమెకు వచ్చినది తెలుగు. వెంట నుండి విప్పి చెప్పుటకు మగవానికి తీరిక లేదు. ఇందు నేనును దోషినే.

కావున మన సంఘము ఏటేట జరుపు ఉచిత పరీక్షల దినమున, క్రియాటినిన్ అంకె నొక్కదానినే వ్రాసి యీయక, స్త్రీ పురుష భేదమును వయస్సును కలిపిన వడపోత లెక్కను, మూత్రమునందలి ఆల్బుమిన్ పరీక్షను, రెంటిని తెలుగున వ్రాసి యీయవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపనున్నాను. ఆల్బుమిన్ పరీక్షకు కొంత అదనపు వ్యయము తప్పదు. మొదటి యేటి వ్యయమును బజారులోని మా వర్తకులము భరింతుము. నలుగురు ఇప్పటికే సమ్మతించిరి. కుటుంబమున ఎవరైన మూత్రపిండ మీయ దలచినచో, ఆ తల్లికో భార్యకో ముందుగా పూర్తి పరీక్షలు జరుగునట్లు చూచుటకు ఇద్దఱు సభ్యులను నియమింపవలెననియు కోరుదును.

అక్కగారు ఇప్పుడు ఉప్పు తగ్గించి, మాత్రలు వాడుచున్నారు. వాపు తగ్గినది. మఱల పరీక్ష వచ్చు మాసమున. నేను వెంట వత్తునంటిని. ‘నీవు వచ్చినచో కొట్టెవరు చూతురు, తమ్ముడూ?’ అని ఆమె యడిగినది. ఆ పూట కొట్టు తీయనని చెప్పితిని.