సముద్రంపాలు



"ఆరు నెలలు అమెరికాలో ఉండి వచ్చారు కదా, యాత్రావిశేషాలు వ్రాయరేం మాస్టారూ" అని కొందరు అడిగారు. నయాగరా గురించీ, న్యూయార్కు గురించీ మనవాళ్ళు వ్రాసినవాటికి మరొకటి చేర్చే ఉద్దేశం నాకు లేదు. నేను వ్రాయదలచినది మెక్సికో ఎడారితీరంలో గడిపిన మూడు రోజుల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, అక్కడ నాకు అనుమానం పుట్టించిన ఒక తెలుగు మాట గురించి. ముప్పైమూడేళ్ళు తెలుగు పండితుడిగా బడిలో పనిచేసినవాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా నా కన్ను ముందు మాటమీద పడుతుంది. వృత్తిదోషం, మన్నించండి.

మా అబ్బాయి అరిజోనాలో, ఫీనిక్సు పక్కన చాండ్లర్ పట్టణంలో ఉంటాడు. అరిజోనాకు సముద్రం లేదు. అక్కడివారికి కడలి చూడాలనిపిస్తే దక్షిణంగా నాలుగు గంటలు కారు నడిపి, సరిహద్దు దాటి, సొనోరా రాష్ట్రంలోని ప్వెర్తో పెన్యాస్కోకు వెళ్తారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గల భారతీయులను మెక్సికో వేరే వీసా అడగదు. 2025 మార్చిలో నాలుగు తెలుగు కుటుంబాలు బయలుదేరాలని నిశ్చయించుకున్నాయి. తీరా ఒకాయన పాస్‌పోర్టులోని ముద్రకు గడువు దాటిందని తేలింది. వెళ్తే తిరిగి రానిస్తారో రానివ్వరోనని ఆ కుటుంబం ఆగిపోయింది. వాళ్ళ పిల్లవాడు గడపలో నిలబడి మా కార్లవైపు చూసిన చూపు నేనింకా మరువలేదు. మిగిలిన మేము పులిహోర డబ్బాలతోనూ, మా ఇంటావిడ ఓరుగల్లునుంచి మోసుకువచ్చిన సకినాలతోనూ విదేశంనుంచి మరో విదేశానికి ప్రయాణమయ్యాము.

పెన్యాస్కో అంటే స్పానిషులో పెద్ద బండ. ఇంగ్లీషువారు రాకీ పాయింట్ అంటారు. ఏకశిలానగరంనుంచి వెళ్ళినవాడికి మరో రాతి ఊరు ఎదురుకావడం తమాషాగా తోచింది. సరిహద్దు దాటాక వంద కిలోమీటర్ల దారి. అటూ ఇటూ తాటిచెట్టంత ఎత్తు పెరిగిన బ్రహ్మజెముడు జాతి మొక్కలు, ఆ వెనుక నల్లని అగ్నిపర్వతాల గుట్టలు. పినకాతె అనే ఆ ప్రాంతంలోనే 1960లలో చంద్రునిమీదికి వెళ్ళబోయే వ్యోమగాములకు భూగర్భశాస్త్రం నేర్పారు. అంతటి నిర్జలభూమి ఉన్నట్టుండి ఆగిపోతుంది, దాని అంచున నీలంగా సముద్రం! మధ్యలో కొబ్బరితోట లేదు, వరిమడి లేదు, ఉప్పుటేరు లేదు.

"ఏందండీ ఇది, చెట్టు లేదు చేను లేదు, ఇసుకల నుంచి సముద్రం మొలిచినట్టున్నది" అన్నది మా ఇంటావిడ. నేను తరువాత చదివిన పుస్తకాలేవీ ఇంత క్లుప్తంగా చెప్పలేదు.

విడిది గురించి చెప్పవలసింది తక్కువే. తీరం పొడవునా బహుళ అంతస్తుల భవనాలు, ప్రతిదానికీ ఈతకొలను. సముద్రాన్ని ఎదురుగా పెట్టుకొని జనం కొలనులో ఎందుకు ఈదుతారో నాకు అర్థం కాలేదు. చూడవలసింది ఆటుపోట్లు. అక్కడ పున్నమి, అమావాస్యలకు నీటిమట్టంలో తేడా ఏడు మీటర్ల దాకా ఉంటుందట. ఉదయం మన గుమ్మం దాకా వచ్చిన కడలి మధ్యాహ్నానికి ఎక్కడో దూరాన తళతళలాడుతుంది. అది వదిలి వెళ్ళిన రాతిగుంటల్లో పీతలు, నత్తలు, నక్షత్రచేపలు. పిల్లలు కొలను విడిచి అక్కడ చేరారు, నాకు సంతోషమైంది.

అక్కడే మా మనవరాలు తన సెల్‌ఫోనులో పటం తెరిచి, "తాతా, మా కొలరాడో నది ఈ సముద్రంలోనే కలుస్తుంది. చూడు, ఇక్కడ నీలం గీత ఉంది. రేపు వెళ్దామా?" అన్నది. నాకు ప్రాణం లేచివచ్చింది. నదీసాగర సంగమమంటే మనకు తీర్థం కదా! అమరుడు సముద్రానికి చెప్పిన పేర్లలో 'సరిత్పతి' ఒకటి. నదులకు భర్త అని అర్థం. ఎన్నో ఏళ్ళు ఆ మాట పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. కారులో రెండు గంటలు పడితే మాత్రమేం?

మా అబ్బాయి నవ్వి, "అక్కడ చూడడానికేం లేదు నాన్నా. గీత ఉంది గాని నది లేదు" అన్నాడు.

సరిత్పతి అనే మాటకు అర్థమే లేకుండా పోయిన చోటు ఒకటి ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

తిరిగి వచ్చాక చదివి తెలుసుకున్నది చెబుతాను. కొలరాడో అంటే స్పానిషులో ఎర్రనిది. ఒండ్రుతో ఎర్రగా పారేది గనుక ఆ పేరు వచ్చింది, మన కృష్ణకు నలుపు వచ్చినట్లు. రెండువేల మూడువందల కిలోమీటర్ల నది. 1922లో అమెరికాలోని ఏడు రాష్ట్రాలవారు కూర్చొని దాన్ని పంచుకున్నారు. ఎగువకు, దిగువకు చెరి 75 లక్షల ఎకరపుటడుగులు, అంటే మన లెక్కలో చెరి 327 టీఎంసీలు. వానలు దండిగా కురిసిన సంవత్సరాలను చూసి వేసిన లెక్క అది. మెక్సికోను పిలవలేదు, ఆ నదీతీరాన తరతరాలుగా బ్రతికిన ఆదిమజాతులనూ పిలవలేదు. 1944 ఒడంబడికలో మెక్సికోకు సుమారు 65 టీఎంసీలు దక్కాయి. దానికోసం 1950లో సరిహద్దు దగ్గర మొరేలోస్ ఆనకట్ట కట్టి, వచ్చినదంతా కాలువల్లోకి తిప్పుకున్నారు. అంతకుముందే హూవర్ ఆనకట్ట, ఆ తరువాత 1963నుంచి గ్లెన్ కాన్యన్. 1980లనాటి పెద్దవరదలవంటివి వస్తే తప్ప నది సముద్రం ముఖం చూడడం మానేసింది. 2014లో రెండు దేశాలూ ఒప్పుకొని, ఎనిమిది వారాలపాటు నాలుగున్నర టీఎంసీల నీటిని పాతదారిలో వదిలాయి. మే నెలలో నీరు వెళ్ళి సముద్రాన్ని తాకింది. ఎండిన ఏటిలోకి నీరు వస్తుంటే చూడడానికి మెక్సికో పల్లెలవాళ్ళు పిల్లాజెల్లాతో ఏటి ఒడ్డుకు చేరారట.

నది రాకపోతే సముద్రానికేం నష్టం? దానికి నీటికేం కొదువ అని మనం అనుకుంటాము. 1922లోనే ఆల్డో లియోపోల్డ్ అనే ప్రకృతిప్రేమికుడు చిన్న పడవలో ఆ డెల్టాలో తిరిగి, పచ్చని మడుగుల గురించి వ్రాశాడు. ఇప్పుడది చాలావరకు ఉప్పుబురద. నదీజలం కలిసిన పలుచని ఉప్పునీటిలో పెరిగే రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు నీడ పోయింది. తొతోవాబా అనే పెద్దచేప ఆ నదీముఖంలోనే గుడ్లు పెడుతుంది. వేట ఒకవైపు, నీటిలేమి మరొకవైపు దాన్ని కుంగదీశాయి. ఆ చేపకోసం దొంగచాటుగా వేసే వలల్లో చిక్కి, వాకీతా అనే చిన్న జలచరం పదికి అటూ ఇటూగా మిగిలింది. వాకీతా అంటే చిన్న ఆవు. దాని చావుకు వలలే కారణమనీ, నది కాదనీ శాస్త్రజ్ఞులంటారు, కనుక ఆ పాపం నదిని మళ్ళించినవారి మీద వేయను. నదీముఖాన ఉండే కుకాపా జాతివారి పేరుకు నదిజనం అని అర్థమట. పేరు మాత్రం మిగిలింది.

అసలు ముల్లు ఇక్కడుంది. ఆ నదీజలమే కాలువలో 540 కిలోమీటర్లు ప్రయాణించి, కొండలెక్కి, 1985లో ఫీనిక్సుకు చేరింది. మా అబ్బాయి ఇంట నేను ఆరు నెలలు తాగినది, స్నానమాడినది, సంధ్యవార్చినది ఏ నీరు? సముద్రతీరంలో నేను వెదికిన నది మా కుళాయిలోనే ఉన్నదన్నమాట! 2021 ఆగస్టులో కొలరాడోమీద తొలిసారి నీటికొరత ప్రకటించి, మరుసటి ఏడు అరిజోనా వాటాలో కోత పెట్టారు. 2022 డిసెంబరులో ఒక విదేశీ సంస్థ మరో ప్రతిపాదన తెచ్చింది. ఇదే పెన్యాస్కో దగ్గర సముద్రపునీటిని మంచినీరుగా మార్చి, గొట్టాలద్వారా అరిజోనాకు పంపుతామన్నది. నదిని రానివ్వకపోవడం ఒకటి, రాని నదికి బదులు సముద్రాన్నే తోడుకుపోయి, మిగిలిన చిక్కటి ఉప్పుద్రావకం అక్కడే పోయడం మరొకటి. చదివి పుస్తకం మూసేశాను.

మూడవనాటి సాయంకాలం నీళ్ళలో పాదాలుంచి నిలబడి ఉండగా మా బృందంలోని ఒకాయన చెప్పాడు. తొహోనో ఓధమ్ అనే ఎడారిజాతివారు పూర్వం ఏటేటా ఎండాకాలంలో నడిచి ఈ సముద్రానికి ఉప్పుకోసం వచ్చేవారట. వచ్చి, జొన్నపిండి కడలికి సమర్పించి (అక్కడ జొన్న అంటే మక్కజొన్నే), ఉప్పు ఎత్తుకొని మరలిపోయేవారు. సముద్రంనుంచి వచ్చే గాలే వానను తెస్తుందని వారి నమ్మకం. 1853లో కుదిరిన భూమి కొనుగోలు ఒప్పందంతో ఆ జాతి నేల నడిమికి చీలి రెండు దేశాల పాలైంది. వారు సముద్రానికి ఇచ్చి తీసుకునేవారు. మేము మూడు రోజులుండి ఏమిచ్చాము? సకినాల ముక్కలు రెండు సముద్రపు కాకులకు వేశాము.

ఇక ఆ తెలుగు మాట. కృష్ణకు వరద వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు ఒకే శీర్షిక పెడతాయి: ఇన్ని టీఎంసీలు 'వృథాగా సముద్రంపాలు'. దొంగలపాలు, అగ్నిపాలు, మట్టిపాలు, ఆ వరుసలో సముద్రంపాలు. నది తాను చేరవలసిన చోటికి చేరితే దాన్ని నాశనంగా చెప్పే పలుకుబడి మనకెప్పుడు అలవాటైంది? 1973లో బచావత్ ట్రైబ్యునల్ కృష్ణలో నూటికి 75 ఏళ్ళు నమ్మదగిన నీరు 2,060 టీఎంసీలని లెక్కకట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. కూడి చూడండి, సరిగ్గా 2,060. నాలుగో వాటాదారు లేడు. 2003 మాఘపూర్ణిమకు నేను హంసలదీవి వెళ్ళాను. ఎగువన వరుసగా కరవు. జనం సంగమస్నానం చేస్తూనే ఉన్నారు. నేను పుక్కిట పట్టిన నీరు వట్టి ఉప్పు. ఆనాడు అది సముద్రం పోటని సరిపెట్టుకున్నాను. నది రాలేదన్న సంగతి మెక్సికో వెళ్తే గాని తట్టలేదు.

తెలంగాణవాణ్ణి ఈ మాట వ్రాస్తే తిట్లు తప్పవని తెలుసు. "తరాలుగా నీళ్ళకోసం ఏడ్చిన గడ్డమీద పుట్టి, నీళ్ళు సముద్రానికి పోనియ్యమంటావా?" అని అడుగుతారు. మా పాలమూరు, నల్లగొండల దాహం నేనెరుగనిదా? మా ఓరుగల్లు ధర్మసాగరంలోకి వచ్చేది కూడా దేవాదులలో ఎత్తిపోసిన గోదావరే. ఫీనిక్సువారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆనకట్టలు వద్దనడంలేదు. పొలానికీ గొంతుకూ ముందు ఇవ్వండి. కాని నీటి లెక్కలో సముద్రానికి ఒక వరుస వ్రాయండి, అది వృథా అనే పద్దు కింద కాదు. పాకాలను, రామప్పను, లక్నవరాన్ని కట్టిన కాకతీయులు ప్రతి చెరువుకూ మత్తడి పెట్టారు. మత్తడి దుంకితే ఊరంతా పండుగ చేసుకున్నది గాని, నీళ్ళు వృథా అయ్యాయని ఎవరూ ఏడవలేదు. కిందనున్న చెరువుకూ, ఆ కింది వాగుకూ అది న్యాయమైన భాగమని వారికి తెలుసు.

తిరిగి వచ్చాక ఆగస్టులో మళ్ళీ వరద, మళ్ళీ అదే శీర్షిక. ఆ పత్రికలో పనిచేసే ఉపసంపాదకుడు ఒకప్పటి నా శిష్యుడే. ఫోను చేశాను.

"ఏమయ్యా, వృథా అని ఎందుకు వ్రాశావు?"

"సార్, తొమ్మిదో తరగతిలో జాతీయాలు చెప్పినప్పుడు ఇది మీరే వ్రాయించారు. సొంతవాక్యం కూడా మీదే. 'రైతు కష్టం సముద్రంపాలైంది.' నోటుబుక్కు ఇంకా ఉంది సార్."

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి అతనే అడిగాడు, పోనీ ఏమని వ్రాయమంటారని.

"'సముద్రానికి చేరింది' అని వ్రాయవచ్చు గదా."

"చేరితే అది వార్త కాదు సార్" అన్నాడు.