వియత్నాం వారి ఫో

ఒక జాతిని తెలిసికొనుటకు దాని కోటలను, దేవాలయములను చూచిన చాలదు; అచ్చటి సామాన్యుడు ఉదయమున ఏమి భుజించునో కూడ చూడవలెను. వియత్నాం దేశమున తెల్లవారుసరికి వీథి ప్రక్కన పొట్టి పీటలపై కూర్చుండి కూలివాడును, ఉద్యోగియు సమానముగా ఆరగించు వంటకము 'ఫో'.

వేడిచారులో వేసిన బియ్యపు నూడుల్సే ఫో. చూచుటకు సులభముగా తోచును గాని, దీనికి కావలసిన శ్రమ కొంచెము కాదు. ఎద్దు ఎముకలను సన్నని సెగపై అనేక గంటలు కాచుదురు. కాల్చిన అల్లము, ఉల్లి, తెలుగు వంటయిండ్లకు పరిచితములైన అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగములు అందు చేర్చుదురు. పైకి తేలిన తెట్టెను ఓర్పుతో తీసివేయుదురు. అందుచేతనే చారు తేటగా నుండును. కోడిమాంసముతో చేయు ఫోయు కలదు.

ఈ వంటకము అతిప్రాచీనమైనది కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున, ఫ్రెంచివారి పాలనలో, ఉత్తరమున నామ్‌దిన్, హనోయి ప్రాంతములలో ఇది వృద్ధి చెందెను. అంతకుముందు అచ్చటి రైతులకు పశువులు ముఖ్యముగా దున్నుటకే ఉపయోగపడుచుండెను. ఫ్రెంచివారు మాంసమును కోరగా, మిగిలిన ఎముకలు చారునకు ఆధారమయ్యెను. చీనా వంటకముల ప్రభావమును ఇందు కలదు.

1954లో దేశము రెండుగా చీలినపుడు ఉత్తరమునుండి లక్షలాది జనులు దక్షిణమునకు తరలిరి. వారితోపాటు ఫోయు తరలి, సైగానులో పెసరమొలకలను, పలువిధముల పచ్చియాకులను, తియ్యని సాసును చేర్చుకొనెను. యుద్ధకాలమున హనోయిలో మాంసము కరవై, ప్రభుత్వపు అంగళ్ళలో మాంసములేని ఫోను అమ్మిరి. అమెరికా పంపుచుండిన మనిషిలేని విమానములను తలచి, ప్రజలు దానిని 'చోదకుడు లేని ఫో' అని పరిహసించుచునే భుజించిరి. 1975 తరువాత శరణార్థులు దీనిని అమెరికా, ఫ్రాన్సు, ఆస్ట్రేలియా దేశములకు కొనిపోయిరి.

దక్షిణపు ఫో సంప్రదాయము తప్పినదని హనోయి వారిలో కొందరందురు. ఉత్తరపు ఫో చప్పనిదని దక్షిణాదివారిలో కొందరందురు. ఈ తగవు న్యాయమైనది కాదు. పలుజాతుల కలయికచే పుట్టినదానికి మార్పు తగదనుట ఎట్లు చెల్లును? అట్లని ఏది వండినను ఫో కానేరదు. ఆకులు మారవచ్చును, చారును కాచు ఓర్పు మారరాదు. దానిని విడిచి, తొందరపాటుతో పొడులు కలిపి చేసిన చారునకు పేరు మిగులును గాని రుచి మిగులదు.

2024లో వియత్నాం ప్రభుత్వము హనోయి, నామ్‌దిన్ ఫోలను జాతీయ సాంస్కృతిక వారసత్వముగా గుర్తించెను. ఆ గౌరవము తగినదే. కాని దానిని నిలుపువారు తెల్లవారక మునుపే లేచి పొయ్యి రాజేయు వంటవారు. పరదేశీయుల ఆహారమును చూచి మూతి విరుచుటకు ముందు, దాని వెనుక నున్న అట్టివారి శ్రమను తలచుకొనుట విద్యావంతుల లక్షణము.