వెతికినందుకూ కూలి ఇవ్వాలి
ఇంజన్ లైటు వెలిగిన కారుకు స్కానర్ తగిలించగానే పీ0171 అని వస్తే, చాలా షెడ్లలో వెంటనే ఆక్సిజన్ సెన్సర్ ధర చెప్పేస్తారు. లోపాన్ని పసిగట్టి చెప్పిన సెన్సర్‌నే మార్చడమంటే, నిజం చెప్పిన సాక్షికే శిక్ష వేయడం. ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: మిశ్రమంలో గాలి పాలు ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదు. బరువులో సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు ఉండాలి. ఆ లెక్క తప్పడానికి చిట్లిన వ్యాక్యూమ్ గొట్టం కారణం కావచ్చు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ కావచ్చు, నీరసించిన ఫ్యూయల్ పంపు కావచ్చు. ఏదో తేల్చుకోవడానికి అదే స్కానర్‌లో, కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలున్నాయి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎమ్‌కు లేపితే తగ్గాయంటే, గాలి ఎక్కడో దొంగదారిన దూరుతోందని అనుమానించాలి. లోడు పెరిగేకొద్దీ అవీ పెరిగాయంటే, పెట్రోలు సరఫరా వైపు చూడాలి. ఇది తెలిసిన మెకానిక్‌లు మన ఊళ్లలో లేక కాదు. అరగంట వెతికి చిన్న క్లిప్పు బిగించినవాణ్ని "ఇంతకీ ఏం మార్చావు?" అని నిలదీస్తాం, కొత్త పార్టు డబ్బా చూపించినవాడికి వేలు లెక్కపెట్టి ఇస్తాం. అనవసరపు మార్పిళ్లకు మెకానిక్ అజ్ఞానం కన్నా మన ఈ అలవాటే పెద్ద కారణమని నా నమ్మకం. ఈసారి లైటు వెలిగితే పార్టు ధర కన్నా ముందు పరీక్ష ఖర్చు అడగండి, బేరమాడకుండా ఇవ్వండి. ఇంకో మాట: కోడ్ చెరిపితే, అది పడినప్పటి ఇంజన్ పరిస్థితిని చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలూ పోతాయి. ముందే వాటిని ఫోటో తీసి పెట్టుకోండి.