కంటి సూది తర్వాత ఒత్తిడి మీద కన్నేయాలి

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాలను నమ్ముకున్న వారిలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. తెగిన పోగును వెంటనే పట్టుకోగలగడమే నేతగాడికి బతుకుతెరువు. మధుమేహం ముదిరి, రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో వాపు వస్తే ముందుగా మసకబారేది ఆ పోగే.

వాపు తగ్గడానికి నేత్ర వైద్యులు నేరుగా కంటిలోకే మందు ఇస్తారు. అందులో రెండు రకాలున్నాయి. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్ వంటివి రక్తనాళాల నుంచి ద్రవం కారకుండా చూస్తాయి. ట్రయామ్సినలోన్, డెక్సామెథసోన్ స్టెరాయిడ్లు. కంటి ఒత్తిడి విషయంలో ఈ రెండింటి తీరూ వేరు.

మామూలుగా కంటి ఒత్తిడి 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్లు. కన్ను మూసి ఉన్న గోళం లాంటిది కాబట్టి 0.05 మిల్లీలీటర్ల మందు చేరినా ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. చాలామందిలో గంటలోపే దిగివస్తుంది. సూది వేయగానే వైద్యులు వేళ్లు చూపి లెక్కపెట్టమనేది అందుకే. మొదటి రకం మందు పదేపదే తీసుకున్న కొద్దిమందిలో మాత్రం ఒత్తిడి పెరిగి అలాగే ఉండిపోవచ్చు.

స్టెరాయిడ్ల ముప్పు నెమ్మదిగా వస్తుంది. కంటిలో ఊరే ద్రవం బయటికి పోయే దారి వారాల తరబడి బిగుసుకుపోతుంది. డెక్సామెథసోన్‌ను చిన్న కడ్డీ రూపంలో కంటిలో అమర్చినప్పుడు సుమారు రెండో నెలలో ఒత్తిడి గరిష్ఠానికి చేరుతుంది. గ్లకోమా ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. చాలాసార్లు నొప్పి గానీ, ఎరుపు గానీ ఉండవు. పైగా వాపు తగ్గి చూపు మెరుగుపడటంతో అనుమానమే రాదు. ఈలోగా కంటి నరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు.

సరిగ్గా ఆ సమయంలోనే మనిషి దసరాకో, పెళ్లికో సొంతూరు వెళ్తాడు. చూపు బాగానే ఉంది కదా, మరో రోజు కూలి పోగొట్టుకోవడమెందుకని పరీక్ష మానేస్తాడు.

ఒత్తిడి కొలవడం నిమిషాల పని. పెరిగినట్టు ముందే తెలిస్తే చాలామందికి చుక్కల మందుతోనే అదుపులోకి వస్తుంది. అందుకే ఆసుపత్రి నుంచి బయటికొచ్చే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి: ఇచ్చిన మందు పేరు, తేదీ, ఆ రోజు ఒత్తిడి ఎంత. గ్లకోమా ఉంటే ముందే చెప్పాలి. ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాతి పరీక్ష సూరత్‌లోనే కానక్కర్లేదు, సిరిసిల్లలోనైనా చేయించుకోవచ్చు.